ఒళ్ళు కాలిన మనిషికి తిండి, మాత్రలు: ఏది ముందు, ఏది ఎంత

పెద్దవాళ్ళకు 20 శాతానికి మించి, చిన్నపిల్లలకూ ముసలివాళ్ళకూ 10 శాతానికి మించి ఒళ్ళు కాలితే దెబ్బ చర్మంతో ఆగదు. రోగి అరచెయ్యి, వేళ్ళతో సహా, అతని ఒంట్లో సుమారు 1 శాతం. లెక్క అలా వేసుకోండి. గాయం దగ్గర వాపు, ఎరుపు, వేడిగా మొదలైన ఇన్‌ఫ్లమేషన్ రక్తంతోపాటు ఒళ్ళంతా పాకుతుంది. గుండె పరుగెడుతుంది, జ్వరం లేకపోయినా ఒళ్ళు వెచ్చగా ఉంటుంది, ఎన్నడూ షుగర్ లేనివాళ్ళకూ రీడింగు పెరుగుతుంది, కండ కరుగుతుంది. చర్మం కట్టుకోవడానికి, రోగంతో పోరాడడానికి కావలసిన మాంసకృత్తులు తిండిలో రాకపోతే ఒళ్ళు తన తొడల్లోంచి, భుజాల్లోంచి తీసుకుంటుంది. తినడానికి లేక విత్తనాల వడ్లు దంచుకున్నట్టే. పెద్ద గాయాల్లో ఈ పరిస్థితి పుండు మానాక కూడా ఏడాది పైన సాగుతుంది.

అందుకే మెడికల్ షాపు ముందు నిలబడి "వాపు తగ్గడానికి మంచి సప్లిమెంట్ ఏదైనా ఇవ్వండి" అని అడిగే ముందు వంటింట్లో లెక్క సరిచూసుకోండి. కాలిన ఒంటికి మొదటి సప్లిమెంట్ చాలినంత కూడు, అందులో చాలినంత మాంసకృత్తులు. జింకు, విటమిన్లు రెండో వరుస. మిగతావి చాలావరకు ఖర్చే.

ఒక హద్దు ముందే చెప్పుకోవాలి. రోగి ఐసీయూలో ఉన్నంతకాలం మీ అంతట మీరు ఏమీ పెట్టొద్దు, ఏ పొడీ కలపొద్దు. కింద రాసినదంతా వార్డుకు వచ్చి నోటితోనో ముక్కు గొట్టంతోనో తింటున్న మనిషికి, ఇంటికి చేరిన మనిషికి. మాత్రల మోతాదులు డాక్టరుతో మాట్లాడడానికే, సొంతంగా మొదలెట్టడానికి కాదు. కిడ్నీ, లివర్ జబ్బులున్నవాళ్ళ లెక్క వేరు. గర్భిణుల లెక్కా వేరే.

మొదటి పని: పథ్యం ఎత్తేయడం

కోనసీమలోనైనా భీమవరం వైపైనా కాలిన మనిషి ఇంటికి రాగానే చుట్టాలు చెప్పే మాటలు ఒకటే. పప్పు పెడితే చీము పడుతుంది. గుడ్డు వేడి. చేప నీచు. వంకాయ దురద. పెరుగు పెడితే పుండు ఆరదు. ఇవన్నీ తీసేస్తే మిగిలేది చారన్నం, బ్రెడ్డు, కొబ్బరినీళ్ళు. పూటకు 300 గ్రాముల అన్నం తిన్నా వచ్చే మాంసకృత్తులు 8 గ్రాములు. ఆ మనిషికి రోజుకు కావలసింది 100 గ్రాములు.

చీము బాక్టీరియా వల్ల పడుతుంది. పప్పుకూ దానికీ సంబంధం లేదు. పైగా మాంసకృత్తులు తగ్గితే రోగనిరోధక శక్తి తగ్గి చీము పట్టే అవకాశమే పెరుగుతుంది. వంకాయ తింటే ఎప్పటినుంచో దురద వచ్చే మనిషైతే అదొక్కటి మానండి, నష్టమేమీ లేదు. కాలిన చోట మానేటప్పుడు దురద ఎలాగూ ఉంటుంది, వంకాయ తిన్నా తినకపోయినా. పెద్దవాళ్ళతో వాదన తెగకపోతే డ్రెస్సింగ్ రోజున వాళ్ళను కూడా వెంట తీసుకెళ్ళి డాక్టరు నోటితోనే చెప్పించండి. ఇంట్లో పది రోజుల వాదన అక్కడ ఐదు నిమిషాల్లో తేలుతుంది.

రెండో పని: ఎంత కావాలో లెక్క

కాలకముందు బరువు తీసుకోండి, ఇప్పటి బరువు కాదు. మొదటి వారం పది రోజులు సెలైన్ల నీరు, వాపు కలిసి మనిషి ఐదారు కిలోలు ఎక్కువ తూగొచ్చు. అది చూసి "లావెక్కాడు, తిండి సరిపోతోంది" అనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు.

మాంసకృత్తులు: పెద్దవాళ్ళకు కిలో బరువుకు రోజుకు 1.5 నుంచి 2 గ్రాములు. 60 కిలోల మనిషికి 90 నుంచి 120 గ్రాములు. పిల్లలకు కిలోకు 3 గ్రాముల దాకా కావాలి, వాళ్ళ లెక్క డైటీషియన్ వేయాలి.

కేలరీలకు పాత సూత్రం ఒకటుంది: బరువును 25తో హెచ్చించి, కాలిన శాతాన్ని 40తో హెచ్చించి, రెండూ కూడాలి. 60 కిలోల మనిషికి 30 శాతం కాలితే 1,500కు 1,200 కలిపి 2,700. ఈ సూత్రం కొంచెం ఎక్కువ చూపిస్తుందని తర్వాత తేలింది, అందుకే దాన్ని పై హద్దుగా పెట్టుకుని కిందికి సర్దుకోండి. అతిగా పెట్టడం కూడా హానే. మిగిలిన పిండిపదార్థం లివర్‌లో కొవ్వుగా చేరుతుంది, షుగర్ ఎగబాకుతుంది. కొవ్వు మొత్తం కేలరీల్లో 35 శాతం దాటకుండా చూడాలి. నెయ్యి వెయ్యండి గానీ "బలం" అని గరిటెలతో పొయ్యొద్దు.

మూడో పని: ఆ లెక్కను కంచంలోకి దించడం

60 కిలోల మనిషికి ఒక రోజు ఇలా సర్దవచ్చు. పక్కన మాంసకృత్తులు గ్రాముల్లో, తర్వాత కేలరీలు. అన్నీ ఉజ్జాయింపే.

పొద్దున 6: గేదె పాలు 250 మి.లీ., రెండు చెంచాల పంచదార. 9, 300.
8 గంటలకు: ఇడ్లీలు మూడు, వేరుశనగ చట్నీ రెండు చెంచాలు, ఉడికించిన గుడ్లు రెండు. 22, 420.
10.30కు: 200 మి.లీ. పాలలో 30 గ్రాముల వెన్న తీసిన పాలపొడి, ఒక అరటిపండు. 18, 405.
మధ్యాహ్నం 1: అన్నం 200 గ్రాములు, ముద్దపప్పు కప్పు, ముల్లు తీసిన చేప 100 గ్రాములు, పెరుగు 150 గ్రాములు, చెంచా నెయ్యి. 37, 725.
4 గంటలకు: సున్నుండ ఒకటి. 4, 190.
రాత్రి 7.30: మెత్తగా వండిన అన్నం 150 గ్రాములు, పప్పు, రెండు గుడ్ల పొరటు. 21, 500.
పడుకునే ముందు: పాలు 250 మి.లీ. 9, 270.

మొత్తం 120 గ్రాములు, 2,800 కేలరీలు. 30 శాతం కాలిన మనిషికి పైన వేసిన 2,700 కంటే ఇది కొంచెం ఎక్కువే, కాబట్టి మీ లెక్కను బట్టి కిందికి సర్దుకోండి. చూడడానికి భారీగా ఉన్నా ఏడు సార్లుగా పంచితే దిగుతుంది. మూడు పూటలకు కుదిస్తే దిగదు. మందుల వాసనకే కడుపులో తిప్పుతున్న మనిషికి పెద్ద కంచం చూడగానే ఆకలి చచ్చిపోతుంది. చిన్న గిన్నెలో పెట్టండి. చారన్నంతో మొదలెట్టొద్దు, గుడ్డూ చేపా ముందు తినిపించండి. కడుపు నిండాక మిగిలిపోయేది అన్నం కావాలి, చేప కాకూడదు.

చేపల్లో కొర్రమీనుకు ముళ్ళు తక్కువ, రోగికి తేలిక. బొచ్చె, శీలావతి చవకగా దొరుకుతాయి, మాంసకృత్తులు దాదాపు అంతే. పులుసులో కారం, చింతపండు తగ్గించండి. నోరు, గొంతు కూడా కాలిన మనిషికైతే ఆవిరి మీద ఉడికించి పప్పులో మెదిపి పెట్టండి. మెత్తళ్ళ వంటి ఎండుచేపలో మాంసకృత్తులు దండిగా ఉన్నా ఉప్పు అంతకంటే దండిగా ఉంటుంది, అప్పుడప్పుడు రుచికి సరే. శాకాహారులు చేప స్థానంలో 100 గ్రాముల పనీర్, గుడ్డు స్థానంలో పాలపొడి, సోయా, వేరుశనగ వాడుకోవచ్చు. పచ్చిగుడ్డు పాలలో కొట్టి ఇవ్వడం మాత్రం వద్దు. అందులో సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉంటే కాలిన ఒళ్ళు తట్టుకోలేదు.

కొబ్బరినీళ్ళ సంగతి విడిగా చెప్పాలి. పరామర్శకు వచ్చే ప్రతివాళ్ళూ రెండు బోండాలు పట్టుకొస్తారు. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ. తీవ్రంగా కాలిన తొలి రోజుల్లో చచ్చిన కండల్లోంచి పొటాషియం రక్తంలోకి వస్తుంది, కిడ్నీ దెబ్బతింటే బయటికి పోదు, గుండె లయ తప్పుతుంది. ఆ రోజుల్లో బోండాం వద్దు. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే రక్తపరీక్ష), పొటాషియం మామూలుగా ఉన్నాయని డాక్టరు చెప్పాక రోజుకొకటి తాగొచ్చు. అప్పుడు కూడా పాలు తాగాల్సిన చోట కొబ్బరినీళ్ళు పెట్టొద్దు. వాటిలో మాంసకృత్తులు లేనట్టే లెక్క.

పొడి కొనేటప్పుడు డబ్బా మీది బొమ్మ కాదు, వెనక ఉన్న పట్టిక చూడండి. 100 గ్రాములకు ప్రొటీన్ ఎంత? పిల్లల ఎదుగుదలకంటూ అమ్మే మాల్టు పొడుల్లో ఎక్కువ భాగం పంచదార, మాల్టు. ప్రొటీన్ 30 గ్రాములకు తక్కువుంటే కొనకుండా వదిలేయండి. మామూలు వెన్న తీసిన పాలపొడిలో 35 ఉంటుంది, ధర కూడా తక్కువ. పాలు పడక కడుపు ఉబ్బేవాళ్ళకు వే ఐసొలేట్ (పాల చక్కెర దాదాపు తీసేసిన పాల ప్రొటీన్ పొడి) నయం. పొడి ఏదైనా మరుగుతున్న పాలలో వేస్తే గడ్డలు కడుతుంది, గోరువెచ్చని పాలలో (పాలు పడనివాళ్ళకు నీళ్ళలో) ముందు కొంచెం కలిపి పేస్టులా చేసి, ఆపైన మిగతాది పొయ్యండి.

ముక్కు గొట్టం ఉంటే

ఆసుపత్రిలో ఇచ్చిన ఫీడే వాడండి. ఇంట్లో మిక్సీ వేసిన పప్పన్నం గొట్టానికి అడ్డుపడుతుంది, మన ఎండకు త్వరగా పులుస్తుంది. కలిపిన ఫీడు 4 గంటలు దాటితే పారబోయండి. పెట్టే ముందూ తర్వాతా 30 మి.లీ. కాచి చల్లార్చిన నీళ్ళతో గొట్టం కడగాలి. తల వైపు మంచం 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి, ఫీడు అయ్యాక కనీసం అరగంట అలాగే. పడుకోబెట్టి పెడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మాత్రలు నూరి ఫీడులో కలపొద్దు, విడిగా నీళ్ళలో కరిగించి ఇవ్వాలి.

ఆపరేషన్ రోజుల ఉపవాసం

తిండి లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే. వారానికి రెండు మూడు సార్లు మత్తిచ్చి డ్రెస్సింగో, చర్మం అతకడమో ఉంటుంది. "రాత్రి పది తర్వాత ఏమీ వద్దు" అంటారు. కేసు మధ్యాహ్నం మూడింటికి మొదలవుతుంది. మనిషి పదిహేడు గంటలు పస్తు. వారంలో మూడు సార్లు ఇలా జరిగితే మీరు మిగతా రోజుల్లో పెట్టిందంతా కొట్టుకుపోతుంది. ముందురోజే మత్తు డాక్టరును ఈ మూడూ అడగండి: వరసలో మన నంబరెంత, ఘనాహారం ఎన్నింటి దాకా, నీళ్ళు ఎన్నింటి దాకా పెట్టొచ్చు. సాధారణంగా ఘనాహారానికీ పాలకూ 6 గంటలు, మంచినీళ్ళకు 2 గంటల ఎడం చాలు, కానీ చివరి మాట ఆయనదే. పదకొండింటి కేసైతే నాలుగున్నరకు లేపి పాలూ గుడ్డూ పెట్టే వీలుంటుంది. గది నుంచి బయటికి వచ్చాక సిస్టర్ సరేననగానే పోయిన పూటను కలుపుకోవాలి, "రేపు చూద్దాంలే" అనొద్దు.

ఇప్పుడు మాత్రలు

జింకు, రాగి, సెలీనియం ఈ మూడూ కాలిన చోటినుంచి కారే రసితోపాటు ఒంట్లోంచి పోతాయి. పెద్ద గాయాలకు వీటిని ఆసుపత్రిలో నరం ద్వారా ఇస్తారు: 20 నుంచి 40 శాతం కాలితే వారం పైన, 60 దాకా రెండు వారాలు, అంతకు మించితే నెల వరకు. నోటితో ఇస్తే పేగులో ఒకదానికొకటి పోటీపడి సరిగా ఎక్కవు.

ఇంటికి వచ్చాక రాసే జింకు మాత్ర దగ్గర లేబుల్ జాగ్రత్తగా చదవండి. జింక్ సల్ఫేట్ 220 మి.గ్రా. అంటే అందులో అసలు జింకు 50 మి.గ్రా. మాత్రమే. డాక్టరు ఏ లెక్కన చెప్పారో అడిగి రాసుకోండి. పరగడుపున వేస్తే వాంతి వస్తుంది, తిన్నాక వెయ్యాలి. నెలల తరబడి ఎక్కువ మోతాదు వాడితే రాగి పడిపోతుంది. అప్పుడు రక్తం తగ్గుతుంది, తెల్లకణాలు తగ్గుతాయి. ఇది ఇన్ఫెక్షన్ వల్లేమో అనుకుని తప్పుదారి పట్టడం సులువు. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ వంటి యాంటిబయాటిక్ వాడుతుంటే జింకూ ఐరనూ కాల్షియమూ వాటిని పట్టేసుకుని పనిచెయ్యనివ్వవు. ఆ మందు ముందు వేసి, కనీసం రెండు గంటల తర్వాత జింకు వెయ్యండి. జింకు మాత్ర ముందే వేసేశారంటే ఆ మందుకు ఆరు గంటల ఎడం ఉంచండి. సిప్రోఫ్లాక్సాసిన్‌ను పాలతో మింగించడం కూడా ఇదే పొరపాటు. ఏడు సార్లు తినే మనిషికి పాలకూ మందుకూ మధ్య ఎడం దొరకడం కష్టమే, కాగితం మీద గంటలు వేసి గోడకు అంటించండి.

విటమిన్ సి మామూలుగా రోజుకు 500 మి.గ్రా. నుంచి గ్రాము. 100 గ్రాముల జామకాయలోనే 200 మి.గ్రా. దాకా ఉంటుంది, ఇది మన పెరళ్ళలో కొనకుండా దొరికేది. కిడ్నీ రాళ్ళున్నా, క్రియాటినిన్ పెరిగినా ఎక్కువ మోతాదు వద్దు, ఆక్సలేట్‌గా మారి కిడ్నీలో పేరుకుంటుంది. తొలి 24 గంటల్లో కొన్నిచోట్ల దీన్ని చాలా పెద్ద మోతాదులో నరంలోకి ఇస్తారు. అప్పుడు కొన్ని గ్లూకోమీటర్లు లేని షుగర్ ఉన్నట్టు చూపిస్తాయి. దాన్ని నమ్మి ఇన్సులిన్ ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది, ల్యాబ్ రక్తపరీక్షే ప్రమాణం.

కాలిన చర్మం ఎండలో విటమిన్ డి సరిగా తయారుచేసుకోలేదు. పైగా మచ్చలు నల్లబడతాయని ఎండకు పోవద్దంటారు. పరీక్ష చేయించి తక్కువుంటే వెయ్యాలి. 60,000 యూనిట్ల సాచెట్ వారానికొకటి. రోజూ వేసుకుని కాల్షియం పెరిగి ఆసుపత్రి పాలయ్యేవాళ్ళున్నారు, కాబట్టి సాచెట్ మీద తేదీ రాసిపెట్టుకోండి.

బి1, అంటే థయమిన్, తాగుడు అలవాటున్న మనిషికి తప్పనిసరి. గ్లూకోజ్ ఎక్కించే ముందే ఇవ్వాలి, లేకపోతే మెదడు దెబ్బతింటుంది. ఇంట్లోవాళ్ళు పరువనుకుని తాగుడు సంగతి దాచిపెట్టకండి.

ఐరన్ మాత్ర "రక్తం పట్టడానికి" అని సొంతంగా మొదలెట్టొద్దు. ఇన్‌ఫ్లమేషన్ ఉన్నంతసేపు ఒళ్ళే ఐరన్‌ను దాచేస్తుంది. అప్పుడు మాత్ర సరిగా ఎక్కదు, మలబద్ధకం మాత్రం వస్తుంది. నొప్పికిచ్చే ట్రమడాల్‌తో అది ఇప్పటికే ఉంటుంది.

గ్లుటమిన్ (మాంసకృత్తుల్లో ఉండే ఒక అమైనో ఆమ్లం) సాచెట్లు. ఇవి ఇన్‌ఫ్లమేషన్ తగ్గిస్తాయని చాలాకాలం నమ్మారు, నమ్మడానికి చిన్న అధ్యయనాలూ ఉండేవి. తర్వాత 1,200 మంది తీవ్రంగా కాలిన రోగుల మీద, రోజుకు కిలోకు అర గ్రాము చొప్పున ఇచ్చి చూసిన పెద్ద పరీక్ష ఫలితం 2022లో వచ్చింది: గ్లుటమిన్ తీసుకున్న రోగులు త్వరగా ఇంటికి పోలేదు. ఆ డబ్బుతో గుడ్లు కొనండి.

చేపనూనె క్యాప్సూల్ మీద తీర్పు ఇంకా తేలలేదు. గ్రాము క్యాప్సూల్‌లో అసలు ఒమేగా-3 మామూలుగా 300 మి.గ్రా. చుట్టూ ఉంటుంది. కాడ్ లివర్ ఆయిల్ వేరు, అందులో విటమిన్ ఎ ఉంటుంది, మల్టీవిటమిన్‌తో కలిపి వాడితే లివర్‌కు చేటు. గర్భిణులకు అసలే వద్దు. ఏది వాడుతున్నా చర్మం అతికే ఆపరేషన్‌కు ముందు సర్జనుకు చెప్పాలి. కాకినాడ, అంతర్వేది రేవుల్లో దిగే కానాగుర్తలు, కవళ్ళు వారానికి రెండు సార్లు వండితే ఆ నూనెతోపాటు మాంసకృత్తులూ వస్తాయి.

పసుపు పాలలో చిటికెడు వేసుకోండి, తప్పులేదు. గాయం మీద మాత్రం వెయ్యొద్దు. మిరియాల సారం కలిపిన కర్క్యుమిన్ క్యాప్సూళ్ళు వేరే మందుల మోతాదును తారుమారు చేస్తాయి, లివర్ దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి. జిమ్ కుర్రాళ్ళ దగ్గర దొరికే స్టెరాయిడ్ ఇంజెక్షన్ల జోలికి పోవద్దు.

ఏం చూసుకోవాలి

వాపు దిగాక వారానికొకసారి ఒకే కాటా మీద, ఒకే వేళకు తూకం వెయ్యండి. కాలకముందు బరువులో పదో వంతు కన్నా ఎక్కువ తగ్గితే వెంటనే డైటీషియన్‌ను కలవాలి. రిపోర్టులో అల్బుమిన్ (రక్తంలోని ఒక మాంసకృత్తు) తక్కువుందని కంగారుపడి గుడ్డు తెల్లసొనలు పది పెట్టేస్తుంటారు. తీవ్రంగా కాలినప్పుడు తిండి బాగున్నా అల్బుమిన్ పడిపోతుంది, ఎందుకంటే అది ఇన్‌ఫ్లమేషన్‌కు కొలత. సీఆర్‌పీ (ఒంట్లో వాపును కొలిచే రక్తపరీక్ష) దిగుతున్నకొద్దీ అల్బుమిన్ దానంతటదే లేస్తుంది. పచ్చసొన పారెయ్యొద్దు, కేలరీలూ విటమిన్లూ అందులోనే ఉన్నాయి.

షుగర్ పెరిగిందని అన్నం కోసెయ్యకండి. ఈ మనిషికి తిండి తగ్గించడం వైద్యం కాదు, ఇన్సులిన్‌తో సర్దుతారు. గది వెచ్చగా, 28 నుంచి 30 డిగ్రీలు ఉండాలి. ఏసీలో వణికే ప్రతి నిమిషం కేలరీలు ఖర్చు. గుండె వేగం తగ్గించడానికి ప్రొప్రనొలోల్ రాస్తే అది కూడా ఈ ఇన్‌ఫ్లమేషన్ దుబారా తగ్గించడానికే, బీపీ లేదు కదా అని ఆపెయ్యకండి. రోజూ నడవాలి, ఫిజియో చెప్పిన కసరత్తు చెయ్యాలి. కదలని కండలోకి తిన్న మాంసకృత్తులు పోవు.

నల్లటి విరేచనం, కడుపు రాయిలా ఉబ్బడం, మూత్రం తగ్గడం, మాట తడబడడం, గాయం వాసన రావడం, 38.5 డిగ్రీల సెల్సియస్ (101.3 ఫారెన్‌హీట్) దాటిన జ్వరం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ పూట పాలు, పొడి పక్కనపెట్టి 108కు ఫోన్ చెయ్యండి.

డిశ్చార్జి తర్వాత మొదటి చూపుకు వెళ్ళేటప్పుడు వాడుతున్న మాత్రల స్ట్రిప్పులూ పొడి డబ్బాలూ అన్నీ సంచిలో వేసుకుని వెళ్ళండి, నాటువైద్యుడు ఇచ్చిన పొట్లం కూడా. ప్రతి దానికీ "ఇది ఎప్పుడు ఆపాలి" అని అడిగి తేదీ రాయించుకోండి. పుండు పూర్తిగా మూసుకున్నాక జింకూ విటమిన్ సీ మామూలుగా ఆపేస్తారు. గుడ్లూ పాలూ చేపలూ మాత్రం పోయిన కండ తిరిగి వచ్చేదాకా ఇదే లెక్కన సాగాలి.